టార్కు రెంచి తలయు సాకెట్టు గుంటయు కుదురనప్పుడు

దమ్ములకాలము వచ్చినంతనే ట్రాక్టరు వెనుక చక్రములను విప్పి ఇనుప దమ్ముచక్రములను బిగించుటయు, నాట్లు ముగిసిన పిమ్మట వానిని తీసి మరల టైరు చక్రములను వేయుటయు మన డెల్టా గ్రామములలో ఏటేట జరుగుచున్న పనియే. చక్రమునకు ఎనిమిది నట్లున్న బండికి ఒక్కొక్క మారు పదునాఱు నట్లు విప్పవలెను, పదునాఱు బిగింపవలెను. ఈ పని యెట్లు జరుగునో మీరందఱు చూచినదే. పానాకు నాలుగడుగుల నీళ్ల గొట్టమును తొడిగి, దాని కొనను ఒక మనుష్యుడెక్కి, నట్టు కీచుమని మొఱపెట్టువఱకు త్రొక్కును.

కొన్ని యేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన యొక గ్రామమున సంఘపు ట్రాక్టరునకు ఇట్లే బిగించిరి. మూడవనాడు బురదలో ఎడమ చక్రపు బోల్టులు రెండు తెగెను. మిగిలినవి వదులై చక్రపు రేకులోని రంధ్రములను కోడిగ్రుడ్డు ఆకారముగ తినివేసెను. క్రొత్త బోల్టులును, క్రొత్త రేకును వచ్చి చేరుటకు నాలుగు దినములు పట్టెను. ఆ నాలుగు దినములు కాలువ నీరు చేలలో నిలిచియుండెను, నారు ముదురుచుండెను, తమ వంతు కొఱకు సభ్యులు సంఘపు అరుగుమీద కూర్చుండిరి. వారిలో ఇద్దఱు వేచియుండలేక హెచ్చు బాడుగ నిచ్చి బయటి ట్రాక్టరును తెచ్చుకొనిరి.

విచిత్రమేమనగా ఆ సంఘమున టార్కు రెంచి లేకపోలేదు. మంచి వెల పెట్టి కొని బీరువాలో దాచియుండిరి. దానినేల వాడలేదని మేమడుగగా డ్రైవరు, "దాని మూతి చిన్నదండి అయ్యగారూ, చక్రాల సాకెట్టుకు పట్టదండి" అనెను. పరీక్షింపగా నిజమే. రెంచి తల అర అంగుళము. సాకెట్టు గుంట ముప్పాతిక అంగుళము. ఆ రెంటి నడుమ నుండవలసిన పిడికెడు ఉక్కుముక్క లేనందున రెంచి బీరువాలో నిద్రించెను, గొట్టము పొలమున రాజ్యమేలెను. అంగళ్లలో అడాప్టరు అని పిలువబడు ఆ ముక్కను గూర్చియే ఈ మాసమున వ్రాయుచున్నాము.

మొదట టార్కు అనగా నేమో చెప్పవలెను. నట్టు నడిమినుండి ఎంత దూరమున, ఎంత బలముతో లాగుదుమో ఆ రెంటిని హెచ్చింపగా వచ్చునదే టార్కు. ఒక మీటరు దూరమున పది కిలోల బలముతో లాగినను, అర మీటరు దూరమున ఇరువది కిలోల బలముతో లాగినను పది కేజీ-మీటర్లే యగును. ఇప్పుడు మన గొట్టపు లెక్క చూడుడు. డెబ్బది కిలోల మనుష్యుడు 1.2 మీటర్ల గొట్టపు కొనపై నిలిచిన, నట్టుమీద పడునది 84 కేజీ-మీటర్లు. ట్రాక్టరు పుస్తకము ఆ నట్టునకు 25 కోరినదనుకొనుడు. మూడింతలకు మించి పెట్టినట్లాయెను. బోల్టు బిగిసినప్పుడు రవంత సాగి, రబ్బరువలె తిరిగి ముడుచుకొనజూచుచు చక్రమును హబ్బునకు అదిమి పట్టును. మితిమీరి సాగిన బోల్టునకు ఆ ముడుచుకొను గుణము పోవును. పైకి బిగువుగ నున్నట్లే తోచును గాని లోపల పట్టు లేదు. గొట్టము చేయు అపకారమిదియే.

పుస్తకములలో కొలతలు మూడు తీరులుగ నుండును. క్రొత్త పుస్తకములలో న్యూటను-మీటర్లు, కొన్నిటిలో కేజీ-మీటర్లు, పాత విదేశపు బండ్ల పుస్తకములలో అడుగు-పౌనులు. ఒక కేజీ-మీటరు 9.8 న్యూటను-మీటర్లకును, 7.23 అడుగు-పౌనులకును సమానము. అంకెను మాత్రము చూచి ప్రమాణమును చూడకుండుట గొట్టముతో బిగించుటకంటె మేలైన పని కాదు.

ఇక అడాప్టరు సంగతి. సాకెట్టులను త్రిప్పు చదరపు తలలు లోకమంతట అంగుళముల లెక్కననే ఏర్పడియున్నవి. పాతిక అంగుళము, అంగుళమున మూడెనిమిదవ పాళ్లు, అర, ముప్పాతిక, ఒక అంగుళము. మిల్లీమీటర్లలో 6.35, 9.5, 12.7, 19, 25.4. నట్టు మిల్లీమీటర్లదైనను త్రిప్పు చదరము మాత్రము అంగుళములదే. మన వడ్రంగులు అంగుళమున ఎనిమిదవ పాలును నూలందురు గదా! ఆ లెక్కన ఇవి వరుసగా 2, 3, 4, 6, 8 నూళ్ల తలలు. ఇక ముందు మేము ఈ నూళ్ల లెక్కనే వాడుదుము, ఏలయన వీని బలము కూడ ఈ అంకెలతోనే సులభముగ తెలియును.

ఒకే రకపు ఉక్కుతో చేసిన చదరపు కడ్డీలను మెలిపెట్టినప్పుడు వాని ఓర్పు ప్రక్క కొలతను మూడు మార్లు హెచ్చించినట్లు పెరుగును. రెండు నూళ్ల తలకు ఎనిమిది పాళ్ల బలమనుకొన్నచో మూడు నూళ్ల దానికి 27, నాలుగింటికి 64, ఆఱింటికి 216, ఎనిమిదింటికి 512 పాళ్లు. కంటికి ఆఱు నూళ్ల తలకంటె నాలుగు నూళ్ల తల కొంచెము చిన్నదిగా మాత్రమే కనబడును. బలమున చూడగా మూడవ వంతు కూడ లేదు.

దీనివలన అడాప్టరులు రెండు జాతులని తెలిసికొనవలెను. చిన్న గుంట, పెద్ద తల గలది మొదటి జాతి. నాలుగు నూళ్ల టార్కు రెంచితో ఆఱు నూళ్ల చక్రపు సాకెట్టును త్రిప్పుటకు పనికివచ్చునది ఇదియే. ఇందు అపాయము తక్కువ, ఏలయన రెంచి తలయే అన్నిటికంటె సన్ననిది; దాని మితిలో దానిని వాడినంతకాలము అడాప్టరునకు చేటు లేదు. పెద్ద గుంట, చిన్న తల గలది రెండవ జాతి. పెద్ద కడ్డీతో చిన్న సాకెట్టును త్రిప్పించు ఈ ముక్క మోసకారి. చేతిలోని కడ్డీ ఆఱు నూళ్లది గనుక చేయి ఆఱు నూళ్ల బలమునే పెట్టును. తెగునది నాలుగు నూళ్ల మెడ.

ఈ సంగతి మేము పుస్తకమున చదివి నేర్చినది కాదు. ఒక యూర బిగిసిపోయిన నట్టును విప్పుటకు ఆఱు నూళ్ల కడ్డీకి ఇట్టి ముక్కను తగిలించి, పైన గొట్టమును తొడిగించి, లాగుమని డ్రైవరునకు మేమే చెప్పితిమి. మెడ తుపాకి ప్రేలినట్లు తెగెను. అతని చేయి మడ్గార్డునకు కొట్టుకొని రెండు వ్రేళ్ల కణుపులు చిట్లెను. ఆ తప్పు ముమ్మాటికి మాది. నాటినుండి రెండవ జాతి ముక్కను విప్పుటకు వాడవలదని పోయినచోటనెల్ల చెప్పుచున్నాము. టార్కు రెంచిని కూడ విప్పుటకు వాడరాదు. అది కొలుచు సాధనము, విప్పుటకు మామూలు కడ్డీ వేఱుగ నుండవలెను.

అడాప్టరు నడుమ వచ్చిన రెంచి చూపు కొలత మాఱునా యని చాలమంది అడుగుదురు. మాఱదు. నట్టు నడుమనుండి నిటారుగ నొక మేకు దిగగొట్టినట్లు భావింపుడు. ఆ మేకు వరుసలోనే నిలిచియుండు ముక్క ఎంత పొడవైనను, ఎన్ని కలిసినను, ఒక ప్రక్క ఎంత బలము పుచ్చుకొనునో రెండవ ప్రక్క అంతయే యిచ్చును. అడాప్టరును, పొడుగు కడ్డీయును ఈ కోవలోనివే. అయితే ముక్కలు పెరిగినకొలది ఊగులాట పెరుగును, తల ప్రక్కకు వాలును, సాకెట్టు నట్టు మూలలను తినును. కనుక ఒక చేతితో రెంచి తలను కీలు దగ్గఱ అదిమి పట్టి, రెండవ చేతితో పిడిమీద గుర్తున్నచోటనే పట్టుకొని, కుదుపు లేక నిదానముగ లాగవలెను. టక్కుమని ఒక్కమారు పలికినంతనే ఆపవలెను. రెండవ టక్కు కొఱకు లాగువారు చాలమంది గలరు. వారికి గొట్టపు అలవాటు ఇంకను వదలలేదు.

మేకు వరుసనుండి ప్రక్కకు జరిగిన ముక్క విషయము వేఱు. డీజిలు గొట్టముల నట్లకు పైనుండి సాకెట్టు దిగదు; అందుచేత కాకికాలు వంటి తెఱచిన పానాముక్కను రెంచి తలకు తగిలింతురు. ఇది రెంచి పొడవును పెంచుచున్నది, కావున రెంచి చూపు కొలతకంటె నట్టుమీద పడు కొలత హెచ్చగును. రెంచి తల నడిమినుండి పిడి గుర్తు వఱకు 50 సెంటీమీటర్లు, ముక్క పొడవు 5 సెంటీమీటర్లు అనుకొనుడు. నట్టునకు 5.5 కేజీ-మీటర్లు కావలెనన్న, ఐదున్నరను 50 చే హెచ్చించి 55 చే భాగింపవలెను. ఐదు వచ్చును. రెంచిని ఐదునకు పెట్టవలెను. ఆ ముక్కను పిడికి అడ్డముగ, మూలమట్టము ఆకారమున తగిలించినచో ఈ లెక్క అక్కఱలేదు. అప్పుడు పిడికి సూటిగ లాగినంతకాలము కొలత మాఱదు. చోటున్నంతవఱకు అడ్డముగ తగిలించుడనియే మేము చెప్పుదుము. లెక్క తప్పవచ్చును గాని మూలమట్టము తప్పదు.

ఇక కొనుటయా, చేయించుటయా? చదరపు అడాప్టరును కొనుడు. నట్టు ప్రక్క సాధనమును చేయించుడు. ఇది మా అనుభవము. చదరపు గుంట మూలలయందే పగుళ్లు పుట్టును. ఆ గుంటను నేరుగ తొలుచుటకు ప్రత్యేక యంత్రమును, ఉక్కునకు సరియైన నీరు పట్టించు నేర్పును కావలెను. మన కమ్మరి నాగటి కఱ్ఱును ఎంత బాగుగ సాగదీసినను ఈ పని అతనిది కాదు. అతి గట్టిగ నీరు పట్టిన ముక్క గాజువలె పగులును, మెత్తనిది మైనమువలె మెలి తిరుగును. విజయవాడ ఆటోనగరులోను, సికిందరాబాదు రాణీగంజిలోను పనిముట్ల అంగళ్లవారు ఈ అడాప్టరులను అమ్ముచున్నారు. అంగడికి పోవునపుడు రెంచిని, సాకెట్టును వెంట తీసికొనిపోవుడు. ముక్కపై ఎఫ్ అను అక్షరము గుంట కొలతకును, ఎమ్ అను అక్షరము తల కొలతకును గుర్తు. ఇవి తారుమారుగ కొని తెచ్చుకొని మరల బస్సెక్కినవారిని మేమెఱుగుదుము. రెండు ప్రక్కలను తగిలించి చూచి, అల్లల్లాడుచున్న దానిని తిరిగి యిచ్చివేయుడు. తళతళలాడు ముక్క చేతి పనికి మాత్రమే. గాలి యంత్రముతో కొట్టి బిగించుటకు నల్లని మందపు ముక్క వేఱుగ నుండును. మొదటిదానిని గాలి యంత్రమునకు తగిలించిన పగిలి కంటికి ఎగురవచ్చును.

మన ఊళ్లలో చేయించుకొనదగినవి రెండు. ఆఱు పలకల గుంట గల బోల్టులకు ఎల్ ఆకారపు ఎలెన్ కీ వాడుదురు గదా, దానికి రెంచి తగులదు. ఆ కీ యొక్క తిన్నని భాగమునుండి రెండంగుళముల ముక్కను కోయించి అదే కొలత సాకెట్టులో దిగవేసిన చాలును. పది మిల్లీమీటర్ల ముక్క పది మిల్లీమీటర్ల సాకెట్టులో సరిగ కూర్చుండును. రంపమునకు అది తెగదు. రాపిడి చక్రముతో కోయింపవలెను. కోయునపుడు మాటిమాటికి నీళ్లలో ముంచకున్న ఉక్కు నీలిరంగు తిరిగి మెత్తబడును.

రెండవది హబ్బులలోను, గేరుపెట్టెలలోను ఉండు నాలుగు గాడుల గుండ్రని నట్టునకు సాధనము. దీనిని సాధారణముగ ఉలితోను సుత్తితోను కొట్టి బిగింతురు. ఆ నట్టు అంచులు నలిగి ముద్దయైన బండ్లను ఎన్నిటినో చూచితిమి. నట్టు వెడల్పునకు సరిపడు మందపు గొట్టమును తీసికొని, ఒక కొన నాలుగు నాలుకలు మిగులునట్లు హాక్సాతో కోసి ఆకురాతితో సరిచేసి, రెండవ కొన పాత నాలుగు నూళ్ల సాకెట్టును వెల్డింగు చేయింపవలెను. సాకెట్టు గొట్టమునకు నట్టనడుమ నుండునట్లు లేతుమీద సరిచూపించుట మఱవరాదు. వెల్డింగు కాగానే నీళ్లు పోయక బూడిదలో కప్పి మెల్లగ చల్లారనిచ్చిన పగుళ్లు తక్కువ. ఇట్లు చేసిన సాధనము మితమైన బిగింపులకే గాని చక్రపు నట్లవంటి పెద్ద బలములకు పనికిరాదు.

అడాప్టరు తీర్చలేని లోపమొకటి కలదు. 5 మొదలు 30 కేజీ-మీటర్లు కొలుచు రెంచికి ఎంత చిన్న తలను తగిలించినను అది ఒక కేజీ-మీటరును కొలువలేదు. గరిష్ఠ కొలతలో అయిదవ వంతునకు దిగువ రెంచి మాటను నమ్మరాదు. బేరింగు బిగువును చూచునపుడు ఈ చిక్కు వచ్చును. పినియను నట్టును బిగించుటకు పెద్ద బలము కావలెను. బిగించిన పిదప ఆ యిరుసు తిరుగుటకు పట్టు బలము మాత్రము చాల స్వల్పము, పుస్తకము కోరునది దానినే. ఇందుకు చిన్న సూదిరెంచి కావలెను. అది లేనప్పుడు కూరగాయలు తూచు స్ప్రింగు కాటాయే చాలును. హబ్బు అంచునకు దారము చుట్టి, కాటా కొక్కెమునకు కట్టి సమముగ లాగుడు. అంచు నడిమినుండి పది సెంటీమీటర్ల దూరముననుండి, కాటా రెండు కిలోలు చూపిన, ఇరువది కేజీ-సెంటీమీటర్లు. కదలుటకు మొదట చూపు అంకెను విడిచి, తిరుగుచుండగా నిలుకడగ చూపు అంకెనే పట్టుకొనవలెను.

రెంచి నిజము చెప్పుచున్నదా యని చూచుటకు ఏడాదికొక మారైనను దానిని ప్రమాణశాలకు పంపుట మేలు. నడుమ నడుమ ఊరిలోనే తెలిసికొను ఉపాయము కలదు. గట్టి బల్లకు బిగించిన వైసులో రెంచి చదరపు తలను పట్టించి, పిడి నేలకు సమముగ నుండునట్లు చేసి, పిడి గుర్తునకు బరువును వ్రేలాడదీయుడు. 45 సెంటీమీటర్ల దూరమున 20 కిలోలు వ్రేలాడిన 9 కేజీ-మీటర్లు. దీనికి రెంచి సొంత బరువును కూడ కలుపవలెను. రెంచి కిలోన్నర తూగి, తల నడిమినుండి 20 సెంటీమీటర్ల చోట వ్రేలిమీద సమముగ నిలిచిన, మఱి 0.3 చేరును. 9.3 దగ్గఱ టక్కుమనవలెను. నూటికి నాలుగు పాళ్ల తేడా మంచి రెంచికి కూడ ఉండవచ్చును. పది పాళ్లున్నచో దానిని నమ్మవలదు. పెద్ద బరువునకు యూరియా బస్తాను వాడువారు, 2018 వ సంవత్సరమునుండి బస్తా 50 గాక 45 కిలోలకు తగ్గినదని గుర్తుంచుకొని, అయినను ఒకమారు సంఘపు కాటాపై తూచి మఱి వ్రేలాడదీయుడు.

చక్రముల సంగతికి మరల వత్తము. హబ్బునకు రేకునకు నడుమనున్న మట్టిని, తుప్పును, ఊడు రంగును గోకి తీయవలెను. లేనిచో అవి నలిగి రెండు గంటలలో నట్లు వదులగును. పుస్తకము చెప్పిననే తప్ప మర చుట్లకు నూనె పూయరాదు. మనము పెట్టు బలములో సుమారు పదింట తొమ్మిది పాళ్లు రాపిడికే పోవుచున్నది; మిగిలిన ఒక పాలే బోల్టును సాగదీయును. నూనె పూసిన రాపిడి తగ్గి, అదే కొలతకు బోల్టు ఎంతయో హెచ్చుగ సాగును. నట్లను చుట్టు వరుసగ గాక ఎదురెదురుగ, మొదట సగము కొలతకు, పిదప పూర్తి కొలతకు బిగించి, ఒక పూట పని జరిగిన పిమ్మట మరల రెంచి వేసి చూడవలెను.

పైన చెప్పిన గ్రామపు సంఘమువారు ఇప్పుడు రెంచిని, నాలుగు గుంట ఆఱు తల అడాప్టరును, చక్రపు సాకెట్టును ఒకే పెట్టెలో ఉంచి, పెట్టె మూతలోపల ప్రతి నట్టు కొలతయు తెలుగున వ్రాసి అంటించియున్నారు. పెట్టె తీసికొనిపోవు సభ్యుడు పుస్తకమున సంతకము చేయవలెను. తిరిగి యిచ్చునపుడు గుమాస్తా మూడు చూచును: అడాప్టరు ఉన్నదా, దాని మెడపై పగులు గీటేమైన కలదా, రెంచి స్ప్రింగు అలసిపోకుండ పిడిని కనిష్ఠ అంకెకు దింపియుంచిరా. సభ్యులలో కొందఱు పిడి దింపుట మఱచుచున్నారని గుమాస్తా మాతో చెప్పెను.